బుధవారం చేపలు

జూన్ 3, మంగళవారం

"నీ వేళాకోళాలన్నీ నా మీద రుద్దకు. ఓ పుస్తకం పెట్టుకుని అందులో రాసుకో" అంది మా ఆవిడ. పొద్దున ఆవిడ చెప్పు దాచాను, ఒక్కటే. రెండూ దాస్తే దొంగతనం, ఒకటి దాస్తే సరదా. ఈ తేడా ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నా ఆవిడ బుర్రకి ఎక్కడం లేదు.

అందుకని ఈ పుస్తకం. పంపుహౌసులో మూల పడున్న పాత లాగ్‌బుక్కు, సగం పేజీలు ఖాళీ. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి కాబట్టి నా రాత కోడి కెలికినట్టుంటుంది. చదివేది నేనొక్కణ్ణే, ఫరవాలేదు.

ఏం రాయాలో తెలీక నా ఉద్యోగం గురించి రాస్తున్నాను. మా ఫ్యాక్టరీ గేటు మీద సూర్యుడి బొమ్మ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. ఎండని కరెంటు చేసే పలకల్లో నల్లబిళ్ళలుంటాయే, అవి ఇక్కడే తయారవుతాయి. లోపలివాళ్ళు దుమ్ము పడకూడదని తల నుంచి కాళ్ళ దాకా తెల్లబట్టలు తొడుక్కుంటారు. వెనకవైపు షెడ్డులో నేనూ తెల్లగానే ఉంటాను. నాది మాత్రం సున్నం. నా పేరు కూడా అదే అయిపోయింది. జీతం కాయితం మీద తప్ప ఎక్కడా నా అసలు పేరు వినబడదు.

బిళ్ళల్ని యాసిడ్ తొట్లలో ముంచి కడుగుతారు. ఆ కడిగిన నీళ్ళన్నీ నా దగ్గరకొస్తాయి. వాటిలో ఫ్లోరైడనే మహాతల్లి ఉంటుంది. కంటికి కనబడదు, ముక్కుకి తెలియదు. నేను సున్నం నీళ్ళు కలుపుతాను. ఆవిడ సున్నాన్ని కావలించుకుని, విరిగిన పాలలాగా తెల్లగా అడుక్కి దిగిపోతుంది. ఆ బురదని ప్రెస్సులో పిండితే కేకు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకడికి పళ్ళెంలో పెట్టి, చెంచా కూడా ఇచ్చాను. నోటి దాకా వెళ్ళేలోపే లాక్కున్నాన్లెండి.

పైన తేరిన నీళ్ళు ఓ గాజుతొట్టిలోంచి పోతాయి. తొట్టిలో నాలుగు చేపలు. ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చినవాళ్ళకి 'చూశారా, ఎంత మంచినీళ్ళో' అని చూపించడానికి. తొట్టి దాటాక నీళ్ళు గోడ అవతలి కాలువలోకి, కాలువలోంచి ఆకుకూర మడుల్లోకి.

చేపలకి పేర్లు నేనే పెట్టాను. లావుది కుదరదు సారు, అంటే మా మేనేజరు. ఏమడిగినా ముందు "కుదరదు" అని, ఆ తర్వాత "ఇంతకీ ఏమిటన్నావ్?" అంటాడు. ఎప్పుడూ నోరు తెరుచుకుని తిరిగేది తొట్ల మేస్త్రి. లోపల యాసిడ్ తొట్లన్నీ చూసుకునేది వాడే, నా ప్రాణస్నేహితుడు. మిగతావాటిని తరిమి తరిమి కొట్టేది మా ఆవిడ. మూలన నక్కి ఇదంతా చూసేది నేను.

మేస్త్రి ఇవాళ కొత్త క్యారమ్ బోర్డు తెచ్చాడు. పని తొందరగా ముగించుకుని నా షెడ్డుకొచ్చాడు. ఎలా ముగించాడన్నది ఇక్కడ అనవసరం. మూడు ఆటలాడాం, మూడూ నేనే.

జూన్ 4, బుధవారం

మేస్త్రి పోయాడు. చేప.

పొద్దున చూసేసరికి వెల్లకిలా తేలుతున్నాడు. వయసైపోయిందనుకుంటా. నోరు మాత్రం తెరిచే ఉంది.

కుదరదు సారు రోజూ పదింటికి టీకప్పుతో వచ్చి, చేపల్ని లెక్కపెట్టిగానీ మొదటి గుక్క తాగడు. మూడే ఉంటే ఆయనకి టీ దిగదు. ఎందుకొచ్చిన గొడవని సైకిలేసుకుని చేపల కొట్టుకి వెళ్ళి అలాంటిదే ఒకటి పట్టుకొచ్చాను. కాస్త రంగెక్కువ. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి, టీ జుర్రి, "ఇదేంటోయ్, మెరుస్తోంది?" అన్నాడు. "మన నీళ్ళ మహిమ సారూ" అన్నాను. పొంగిపోయాడు.

మధ్యాహ్నమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

జూన్ 7, శనివారం

రిపేరుకి వెళ్ళిన ఫ్లోరైడ్ మీటరు నిన్న తిరిగొచ్చింది. ల్యాబులో కొత్త కెమిస్టు సంబరం చూడాలి. పుట్టింటి నుంచి ఎవరో వచ్చినట్టు తుడుస్తోంది, మూత తీస్తోంది, మళ్ళీ తుడుస్తోంది. నేనావిడకి టెస్ట్‌ట్యూబని పేరు పెట్టాను. సన్నగా, నిటారుగా ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒకటి నింపుకుని. ఓ చిన్నపిల్ల తల్లి. పిల్ల పుట్టాక ఏడేళ్ళు ఇంట్లో ఉండిపోయి, ఇప్పుడు మళ్ళీ ఉద్యోగానికొచ్చింది. ఆర్నెల్ల ప్రొబేషను. ఈ నెలాఖరుతో పూర్తి.

తిరిగొచ్చిన మీటరుకి స్వాగతం పలకాలి కదా. 'ఔట్‌లెట్' అని రాసున్న సీసాలో క్యాంటీన్ కుళాయి నీళ్ళు పట్టిచ్చాను. పది నిమిషాలకి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"బాబాయ్, క్యాంటీన్ నీళ్ళు ఎందుకిచ్చారు?"

"క్యాంటీన్ ఏమిటమ్మా, సాక్షాత్తూ మన ఔట్‌లెట్."

"ఔట్‌లెట్‌లో ఆరు దాకా ఉండాలి. ఇందులో సున్నా పాయింట్ నాలుగుంది. పొద్దున నా వాటర్‌బాటిల్లో నీళ్ళు చూస్తే అచ్చం ఇంతే." చెప్పి సీసా నా చేతిలో పెట్టింది. "దాహమేస్తే తాగండి."

ఈ ఫ్యాక్టరీలో నా చేతికి నా సీసా తిరిగిచ్చిన మొదటి మనిషి.

జూన్ 10, మంగళవారం

క్యారమ్స్. ఓడాను. మేస్త్రి స్ట్రైకరుకి మైనం రాశాడని నా అనుమానం.

జూన్ 11, బుధవారం

నేనూ, మా ఆవిడా. దంపతులం పక్కపక్కనే తేలుతున్నాం.

కొట్టువాడు అడిగాడు: "ఏమయ్యా, చేపల్ని పెంచుతున్నావా, వండుకుంటున్నావా?" పెళ్ళిళ్ళు చేసి పంపిస్తున్నానన్నాను. రెండు తెచ్చాను. సారు వచ్చేసరికి అవి నీళ్ళలో పడి ఇరవై నిమిషాలైంది.

ఇంతలో టెస్ట్‌ట్యూబు కాయితం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "సార్, ఔట్‌లెట్‌లో ఫ్లోరైడ్ ముప్పై ఎనిమిదుంది. పది దాటకూడదు."

"కుదరదు" అన్నాడు సారు. "ఇంతకీ ఏమిటన్నావ్?"

మళ్ళీ చెప్పింది. మూడుసార్లు చూశానంది. నీళ్ళు ఆపాలంది.

"నీళ్ళాపితే ఫ్యాక్టరీ ఆపాలమ్మా. బయటి ల్యాబువాళ్ళు నెలకోసారి సోమవారం వచ్చి పరీక్ష చేస్తున్నారు. ఎప్పుడూ ఆరో, ఏడో. మీటరు చూడకు, చేపల్ని చూడు. నలుగురూ ఎంత హుషారుగా ఉన్నారో! ఏం సున్నం?"

"హుషారే సారూ" అన్నాను.

సారు నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాను. టెస్ట్‌ట్యూబు చేపల వైపు చూసి, చేతిలో కాయితం వైపు చూసి, ల్యాబుకి వెళ్ళిపోయింది.

జూన్ 12, గురువారం

మీటరు ఇవాళ ఏడంది. చూశారా, నిన్న దానికే ఏదో అయ్యుంటుంది.

నవ్వకుండా ఉండాల్సింది.

జూన్ 15, ఆదివారం

మా ఆవిడ గోడ అవతలి మడుల నుంచి తోటకూర తెచ్చి వండింది. నేను తినలేదు. వేడి చేస్తుందన్నాను.

"తోటకూర వేడి చెయ్యడమేంటి? ఏ ఊళ్ళోనైనా విన్నావా?"

నాకు చేస్తుందన్నాను. నువ్వు కూడా తినకు, నీకూ చేస్తుందన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జూన్ 17, మంగళవారం

క్యారమ్స్. రెడ్డు నేనే వేశాను గానీ ఆవులింతలు ఆగలేదు. రాత్రి సరిగ్గా నిద్ర లేదు మరి.

జూన్ 18, బుధవారం

మూడు. అందులో కుదరదు సారు ఒకటి.

కొట్టులో అంత లావుది దొరకలేదు. సన్నటిది తెచ్చాను. సారు లెక్కపెట్టి, తల పక్కకి వంచి చూశాడు. "లావుది చిక్కిందేంటోయ్?"

"పొద్దునపూట నడుస్తోంది సారూ."

"నేనూ మొదలెట్టాలి" అన్నాడు పొట్ట నిమురుకుంటూ.

ఇవాళ మీటరు నలభై ఒకటి. ఈసారి సారు నవ్వలేదు. షెడ్డులో, నా ముందే టెస్ట్‌ట్యూబుతో అన్నాడు: "ఇరవై ఏడున హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వారానికోసారి నీ మీటరుకి పిచ్చెక్కుతోంది. మీటరన్నా సరిగా లేదు, నీ చెయ్యన్నా సరిగా లేదు. ఇదే అంకె మళ్ళీ రాసి ఇచ్చావంటే ఒకటో తారీకు నుంచి రానక్కర్లేదు. ఏడేళ్ళు ఇంట్లో ఉన్నదాన్ని తీసుకోవద్దని నాకప్పుడే చెప్పారు."

ఆయన వెళ్ళాక టెస్ట్‌ట్యూబు నా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, మిగతా రోజులన్నీ బాగానే ఉంటోంది. బుధవారమే పెరుగుతోంది. మేస్త్రిగారిని అడిగితే లోపల మార్పేం లేదన్నారు. మంగళవారం సాయంత్రం ఇక్కడ ఏం జరుగుతుంది?"

"క్యారమ్స్" అన్నాను.

ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "మీరెప్పుడూ ఇంతే."

జీవితంలో మొట్టమొదటిసారి అడగ్గానే నిజం చెబితే జోకైపోయింది. తర్వాత కిటికీలోంచి చూశాను. కడిగిన బీకరునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

జూన్ 19, గురువారం

మీటరు తప్పై ఉండొచ్చు.

కాదు. క్యాంటీన్ నీళ్ళని పట్టుకుంది.

జూన్ 20, శుక్రవారం

సారు గదికెళ్ళి చెప్పేశాను. చేపలు చస్తున్నాయి సారూ, నేనే కొత్తవి తెచ్చి వేస్తున్నాను, ఇప్పటికి ఆరు, మీటరు చెప్పేది నిజం, ఆ అమ్మాయి తప్పేం లేదు.

సారు ముందు నా మొహం చూశాడు. తర్వాత మొదలెట్టాడు నవ్వడం. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "అబ్బ! ఏం అల్లావోయ్! ఆరు చేపలట!"

"నిజం సారూ. ఒట్టు."

"నా గదిలో గోడగడియారం ముందుకి తిప్పి, నెలరోజులు నన్ను స్వీపరు కంటే ముందు ఆఫీసుకి రప్పించినప్పుడు కూడా ఇలాగే ఒట్టేశావు. చేసిందంతా చేసి, సారూ మీ ఆరోగ్యం కోసమేనన్నావు. వెళ్ళు వెళ్ళు, నాకు పనుంది."

తలుపు దాకా వచ్చాక వెనక నుంచి మళ్ళీ వినబడింది, "పొద్దునపూట నడుస్తోందట!" అని, ఇంకా నవ్వు.

జూన్ 21, శనివారం

మా ఆవిడకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ విన్నది.

"బుధవారం బుధవారం సంచి తడుపుకుని ఇంటికొస్తుంటే ఏమిటో అనుకున్నా. ఎదురింటావిడైతే చేపల కొట్టులో ఎవరో ఉన్నారంది."

"ఉన్నాడు. మీసాలున్నాయి."

"నవ్వించకు. మీ సారు నీ నోరు నమ్మడు, అంతేగా? నోటితో కాకుండా చెప్పు. రోజూ ఏదో రాస్తున్నావుగా, తారీకులేసి."

"అది నా సొంతం."

"ఆ అమ్మాయి ఉద్యోగం కూడా ఆ అమ్మాయి సొంతమే" అంది. మళ్ళీ కత్తిపీట చప్పుడు.

అప్పుడు కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. మంగళవారం, క్యారమ్స్. బుధవారం, చేప. మంగళవారం, క్యారమ్స్. బుధవారం, చేపలు. ఏడో తరగతివాడికి కూడా అర్థమవుతుంది.

ఇక్కడ అనవసరమని ఒకటి రాయకుండా వదిలేశాను. రాస్తున్నాను. ప్రతి మంగళవారం మేస్త్రి తొట్లలో వాడేసిన యాసిడ్ మారుస్తాడు. ఆ పాత యాసిడ్‌ని వాల్వు పావు తిప్పి, కొంచెం కొంచెంగా నా దగ్గరికి వదలాలి. మొత్తం దిగడానికి షిఫ్టంతా పడుతుంది. అంతసేపూ వాల్వు పక్కనే కూర్చోవాలి. క్యారమ్ బోర్డు వచ్చిన రోజు వాడు, "నాకు కుదరదురా, వాల్వు దగ్గర కూర్చోవాలి" అన్నాడు. "మొత్తం తిప్పెయ్యరా, నా సున్నం ఎంతైనా తాగుతుంది" అన్నాను. నేనే అన్నాను. వాడు తిప్పేశాడు. అంతా ఒక్కసారిగా వచ్చి పడితే సున్నానికి ఊపిరాడదు. కావలించుకునేలోపే సగం దాటిపోతుంది. పద్నాలుగేళ్ళ నుంచి సున్నం కలుపుతున్నాను, నాకు తెలీదా?

వయసైపోయిందనుకుంటా అని రాశాను. నాకు తెలుసు.

జూన్ 22, ఆదివారం

రేపు పుస్తకం ఇచ్చేస్తాను. కానీ ఇందులో సారు చేపగా చచ్చిపోయి ఉన్నాడు. టెస్ట్‌ట్యూబని ఉంది. పొట్ట నిమురుకోవడం ఉంది. ఆ పేజీలు చింపుదామని చూశాను. వాటి వెనకే తారీకులున్నాయి.

చింపలేదు. చెప్పు సంగతొక్కటీ కొట్టేద్దామనుకున్నాను. మా ఆవిడ పెన్ను లాక్కుంది.

జూన్ 23, సోమవారం

ముందు టెస్ట్‌ట్యూబుకిచ్చాను. నిలబడే చదివింది. ఒకచోట ఆగి, "టెస్ట్‌ట్యూబా?" అంది. నేను పైకప్పు వైపు చూశాను. తన రిజిస్టరు తీసి నా పుస్తకం పక్కన పెట్టి, ఒక్కో తారీకు మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. పదకొండు దగ్గర ఆగింది, పద్దెనిమిది దగ్గర ఆగింది. చివరి పేజీల దగ్గర చాలాసేపు ఆగింది.

"నిజంగానే క్యారమ్సా బాబాయ్?"

"నిజంగానే. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నవ్వు మొహం పెట్టకుండా చెప్పాల్సింది. నవ్విందీ తప్పే, అంతకుముందు."

"అవును, తప్పే" అంది. వదల్లేదు. తర్వాత కుర్చీ జరిపి కూర్చోమంది.

ఇద్దరం కలిసి సారు దగ్గరికెళ్ళాం. ఆయన చదవడం మొదలుపెట్టాక నాకు గోడమీది గడియారం చూడ్డం తప్ప వేరే పని లేదు. మొదట నవ్వుతూనే చదివాడు. జూన్ నాలుగు దగ్గర నవ్వు తగ్గింది. పద్దెనిమిది దగ్గర పొట్ట మీది చెయ్యి తీసేశాడు. ఇరవయ్యో తారీకు, తన మాటలు తనే రెండుసార్లు చదువుకున్నాడు.

పుస్తకం మూసి టెస్ట్‌ట్యూబుతో అన్నాడు: "నేనన్నది మర్చిపోమ్మా. అంటే, మర్చిపోకు. మీటరు ఏం చెబితే అది రాయి. ఏ రోజైనా పది దాటితే నన్నడక్కుండా నీళ్ళాపెయ్."

నా వైపు తిరిగాడు. "నీకూ మేస్త్రికీ మెమోలు. రేపు క్యారమ్స్ కుదరదు."

ఇంతకీ ఏమిటన్నావని ఈసారి అడగలేదు.

ఆ తర్వాత నన్ను మడుల దగ్గరికి పంపారు. సారు వద్దన్నాడు, టెస్ట్‌ట్యూబు పట్టుబట్టింది. ఆ మడులు సాగుచేసే ఆకుకూరల అక్కకి చెప్పాను. ఈ కాలువ నీళ్ళు పెట్టొద్దక్కా, మళ్ళీ మేం చెప్పేదాకా ట్యాంకరు పంపిస్తాం, మడుల్లో కూర ఎవరికీ అమ్మకు, ఫ్యాక్టరీయే తీసుకుంటుంది, మట్టీ బావి నీళ్ళూ పరీక్ష చేయిస్తాం.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నా మొహంలోకి చూసింది. "ఇది కూడా నీ ఆటేనా?"

"కాదక్కా."

"మీ ఆవిడ వారం నుంచి నా దగ్గర కొనడం మానేసింది. అంటే నీకు వారం నుంచి తెలుసు."

"తెలుసక్కా" అన్నాను.

జూన్ 24, మంగళవారం

వాల్వు పావు తిప్పి మేస్త్రి ఒక స్టూలు మీద, నేను ఇంకో స్టూలు మీద. వాడు నాతో మాట్లాడ్డం లేదు. "నీ పుస్తకంలో ఇంకేం రాశావురా నా గురించి?" అని మాత్రం గంటకోసారి అడుగుతున్నాడు. మైనం సంగతి చెప్పాను. "రాయలేదురా, తుడిచాను" అన్నాడు. కాసేపటికి జేబులోంచి వేరుశనగలు తీశాడు.

అరగంటకోసారి టెస్ట్‌ట్యూబు వచ్చి సీసా పట్టుకెళ్ళింది. సాయంత్రం సారు కూడా వచ్చి, వాల్వుని చూసి, మమ్మల్ని లెక్కపెట్టి వెళ్ళాడు. ఇద్దరమే ఉన్నాం.

జూన్ 25, బుధవారం

నాలుగు. నిన్నటివే. రంగెక్కువది, సన్నటిది, దానితోపాటు తెచ్చిన రెండూ. తేలడం లేదు, తిరుగుతున్నాయి.

మీటరు ఏడు.

సంచి పొడిగా ఉంది.

జూన్ 27, శుక్రవారం

పెద్దవాళ్ళొచ్చారు. గాజుతొట్టి దగ్గర ఒకాయన వంగి చూసి, "బలే ఉన్నాయే, ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయివి?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. సారు గొంతు సవరించుకున్నాడు. ఏళ్ళ తరబడి ఉన్నాయని చెప్పడానికి నాకు బ్రహ్మాండమైన అవకాశం.

"ఒకటి జూన్ నాలుగు నుంచి. మిగతా మూడూ జూన్ పద్దెనిమిది నుంచి సార్. అంతకుముందువి పోయాయి. తప్పు మాదే, ముందు పట్టుకున్నది ఈవిడ" అని టెస్ట్‌ట్యూబుని చూపించాను.

తర్వాత ఆయన చేపల్ని వదిలేసి ల్యాబెక్కడని అడిగాడు. ఆవిడ రిజిస్టరు చూడ్డానికి అరగంట కూర్చున్నాడు. నలభై ఒకటి దగ్గర మొహం ముడుచుకున్నాడు. సారుకి చెమట్లు పట్టాయి. పెద్దాయనకి బురద కేకు తినిపిద్దామనుకున్నాను గానీ, మెమో గుర్తొచ్చి ఆగాను.

ఇదొక్కటీ అబద్ధం. తినిపిద్దామని అనుకోలేదు కూడా.

జూన్ 30, సోమవారం

టెస్ట్‌ట్యూబు ఉద్యోగం ఖాయం చేస్తూ కాయితం వచ్చింది. క్యాంటీన్ నీళ్ళు సీసాలో పట్టి, 'క్యాంటీన్' అనే రాసి ఇచ్చాను. అనుమానంతో మీటర్లో పెట్టి చూసి మరీ తాగింది.

జూలై 2, బుధవారం

పొద్దున్నే తొట్టి దగ్గరికెళ్ళాను. నాలుగూ ఉన్నాయి.

పదింటికి సారు టీకప్పుతో వచ్చాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు." కప్పు పైకెత్తాడు. మళ్ళీ దించాడు.

"ఐదు."

వంగి చూశాను. మూలన నక్కి ఒకటుంది. తెల్లగా, పిండిలో పొర్లినట్టు. ఎవరినీ తరమకుండా అందర్నీ చూస్తోంది.

"సున్నం!" అని అరిచాడు సారు.

"నేను కాదు సారూ. ఒట్టు."

"గడియారం అప్పుడూ ఇలాగే..."

"నిజంగా నేను కాదు సారూ!"

మేస్త్రి నమ్మలేదు. స్వీపరు నమ్మలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ముందు సంచి తడిమి చూసింది, ఆ తర్వాత కూడా నమ్మలేదు. సారు అరిచినప్పుడు ల్యాబు కిటికీలోంచి చూస్తే మాత్రం టెస్ట్‌ట్యూబు ఓ సీసాని దీపానికెదురుగా పెట్టి మహా శ్రద్ధగా చూస్తోంది. దాన్లో ఏమీ లేదు, ఖాళీ సీసా.

ఆవిడ మీటరు అబద్ధం చెప్పదు గానీ, మనిషి నేర్చుకుంటోంది.

తెల్లది సాయంత్రం దాకా బాగానే తిరిగింది. వెళ్ళేముందు రెండుసార్లు చూసొచ్చాను.